పైడయ్య మాత్రల పరేడు

మా పైడయ్య బావ నేవీలో ఫార్మసిస్టు. ఎనభై నాలుగులో పెన్షన్ పుచ్చుకుని మల్కాపురంలో మందుల షాపు పెట్టాడు గానీ, ఆ నేవీ ధోరణి మాత్రం ఒంట్లోంచి పోలేదు. రిఫైనరీలో డ్యూటీ దిగి వచ్చిన కుర్రాడు తలనొప్పికి మాత్ర అడిగితే, ముందు చొక్కా గుండీలు పెట్టుకోవాలి. తర్వాతే మాత్ర. పక్క వీధిలో నవ్వుతూ పలకరించే షాపువాడు ఉన్నా జనం ఈయన దగ్గరికే వస్తారు. తిట్లు తిని, మందు తీసుకుని, దండం పెట్టి మరీ వెళతారు. నాకు మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడూ కొంచెం మండుతుంది.

మా చుట్టరికం అక్క సీతాలు వల్ల కలిసింది. అక్క భర్త సూరన్న, జాలారిపేటలో సొంత పడవ, సొంత వల ఉన్న మనిషి. పైడయ్య ఆయన తమ్ముడు. ఇద్దరూ సముద్రం మీదికే వెళ్లారు. అన్న చెక్క పడవ ఎక్కాడు, తమ్ముడు ఇనప ఓడ ఎక్కాడు. నేనేమో పోర్టులో కలాసీని, ఒడ్డున ఉండి ఓడల్ని చూసేవాణ్ణి. ఇద్దరు బావలతోనూ నాకు పేచీయే.

పైడయ్య మీసాలు రాని వయసులో నేవీలో చేరాడు. అక్కడ మెడికల్ వాళ్లలో వేశారు. బొంబాయిలో మందులు కలపడం, కొలవడం, ఇవ్వడం నేర్చుకున్నాడు. ఏ ఓడ మీద ఎవరికి జ్వరం వచ్చినా ఈయన మందులిచ్చే కిటికీ దగ్గరికి రావలసిందే. మలేరియా ఉన్న రేవుల్లో ఓడ ఆగితే మాత్రల పరేడు పెట్టేవాడట. నావికులంతా వరసలో నిలబడాలి. ఒక్కొక్కడూ ఆయన ఎదురుగా మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించి, తన పేరు గట్టిగా చెప్పి కదలాలి.

"పేరెందుకు బావా, నోరు సూస్తే సాలదేటి?" అని ఒకసారి అడిగాను.

"నాలిక కింద మాత్ర దాసినోడు పేరు సరిగా పలకలేడు," అన్నాడు. "మాత్ర మింగకండా తప్పించుకోడానికి మనిసి ఎన్ని ఏసాలెయ్యాలో అన్నీ నా ముందు ఏసీసినారు. నాకు తెలీందేటీ లేదు."

చెప్పేటప్పుడు ఆయన గొప్ప చూడాలి. అదేదో యుద్ధం గెలిచినట్టు.

డెబ్భై ఐదులో ఆయన్ని విశాఖపట్నం బేస్‌కి బదిలీ చేశారు. బ్రహ్మచారి కనుక అనుమతి తీసుకుని అన్న ఇంట్లోనే ఉండేవాడు. అప్పటికి సూరన్న దగ్గుతున్నాడు. ఒక మాట మొదలుపెడితే మధ్యలో రెండుసార్లు ఆగాలి. నడిసముద్రంలోంచి ఒడ్డుమీద మనిషిని కేకేసి పిలిచే గొంతు అది. ఇప్పుడు పక్క గదిలో ఉన్న అక్కకి కూడా వినపడడం మానేసింది. పైడయ్య వచ్చిన రెండో రోజునే అన్నని సైకిలు మీద ఎక్కించుకుని టీబీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అనుకున్నంతా అయింది. కొన్నాళ్లు సూది మందు, ఆపైన ఏడాదిన్నర రోజుకో మాత్ర. నెలకి సరిపడా మాత్రలు ఆసుపత్రిలోనే ఇస్తారు.

నాకు ఆ మాత్రల మీద నమ్మకం లేదు. బేస్‌లో గాజు తలుపుల వెనక బోలెడు మందులుండగా, సొంత అన్నకి ధర్మాసుపత్రి మాత్రలేమిటి?

"బావా, మీ నేవీ మందు ఒక్క సీసా పట్రా. ఎవడు సూత్తాడు?" అన్నాను.

"నాను సూత్తాను," అన్నాడు. "ఆ తాళాలు నా సేతిలో ఎట్టినారు. ఒక్క మాత్ర గేటు దాటదు. అయినా మందు నేవీదీ ఆసుపత్రిదీ ఒకటేరా వరహాలూ. మింగడం కాడే తేడా."

ఆ రోజు నేను ఆయనతో మాట్లాడకుండా వచ్చేశాను. వారం రోజులు ముఖం కూడా చూడలేదు.

సూది మందుతో సూరన్న కాస్త తేరుకుని మళ్లీ పడవ ఎక్కాడు. బరువు లాగనని, వెనక కూర్చుని తెడ్డు మాత్రం పట్టుకుంటానని అక్కకి మాటిచ్చాడు. మాత్రలు పడవలోకే తీసుకెళ్లేవాడు. గంజితో పాటు వేసుకుంటానన్నాడు. పైడయ్య రోజూ సాయంత్రం అడిగేవాడు.

"మాత్రేసుకున్నావా అన్నియ్యా?"

"ఏసీసుకున్నాన్రా."

అది అబద్ధం చెప్పే మొహం కాదు. కానీ నాలుగు నెలలు తిరిగేసరికి దగ్గు రెట్టింపై వచ్చింది. కండ కరిగింది. ఒక రోజు రక్తం పడింది. డాక్టరు పరీక్ష చేయించి పైడయ్యని పక్కకి పిలిచాడు. ఇలా సగం సగం మింగితే రోగం ముదిరి ఈ మందుకి లొంగకుండా పోతుందనీ, ఆ తర్వాత ఇవ్వడానికి తన దగ్గర వేరే మందు లేదనీ చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఏసాలన్నీ తెలిసిన మనిషికి ఈ ఏసమేమిటో అంతుపట్టలేదు. ఇంటికి వచ్చేదాకా సైకిలు నడిపించుకునే వచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున్న సూరన్న ఎంత చెప్పినా వినకుండా పడవ మీద వెళ్లాడు. పైడయ్యా నేనూ ఒడ్డున కూర్చున్నాం. పడవ వచ్చింది. చేపలు ఇసకలో పోసి వాటాలు వేశారు. మా పేటలో పద్ధతి ఇది: మనిషికో వాటా, వలకో వాటా, పడవకో వాటా. చిన్నదో పెద్దదో, పడవ మీదున్నవాడి చెయ్యి ఖాళీగా ఉండకూడదు. బీడీ కట్ట ఒకటే ఉంటే అదీ పంచుకోవలసిందే.

వాటాలు అయ్యాక సూరన్న మొలగుడ్డలోంచి ఒక పొట్లం తీశాడు. పక్కనే ఉన్న తాతబాబు చేతిలో ఒక మాత్ర పెట్టాడు. తర్వాతివాడి చేతిలో ఒకటి, ఆ తర్వాతివాడి చేతిలో ఇంకొకటి. ఆఖరున తనొకటి వేసుకున్నాడు. అందరూ ప్రసాదం తీసుకున్నంత శ్రద్ధగా గంజి తాగారు.

నెలకిచ్చిన మాత్రలు వారం రోజులకే అయిపోతున్నాయని నాకు అప్పుడు బోధపడింది. మిగతా మూడు వారాలూ ఎవరికీ ఏమీ లేదు. అడిగితే ఆయన ఏసుకున్నానన్నది కూడా నిజమే. ఏ రోజు వేసుకున్నాడో మేము అడగలేదు.

పైడయ్య అప్పటిదాకా మాత్ర దాచేవాణ్ణి, ఉమ్మేసేవాణ్ణి, జేబులో వేసుకునేవాణ్ణి చూశాడు. పంచిపెట్టేవాణ్ణి ఎక్కడా చూడలేదు.

"ఏటన్నియ్యా ఇది?" అన్నాడు.

సూరన్న దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, "ఆల్లూ దగ్గుతన్నార్రా," అన్నాడు. "ఒక పడవ మీదున్నోల్లం. ఆల్లు సూత్తా ఉంటే... నానొక్కడ్నీ... ఎలగ మింగుతాను?"

ఇక కేకలేస్తాడని నేను చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాను, అడ్డుపడాలి కదా. పైడయ్య కేకలెయ్యలేదు. ఆ పడవవాళ్లందర్నీ మర్నాడే ఆసుపత్రికి రమ్మన్నాడు. రానన్నవాణ్ణి ఇంటికెళ్లి లాక్కొచ్చాడు. లుంగీలవాళ్లు ముందు, తెల్ల యూనిఫారంలో ఈయన వెనక. దారిలో జనం వీళ్లనేదో దొంగతనం కేసులో పట్టుకెళ్తున్నారనుకున్నారు. అందరి కఫమూ పరీక్ష చేశారు. ఒక్క తాతబాబుకి జబ్బు ఉంది. మిగతావాళ్లది బీడీ దగ్గు. తాతబాబుకి సొంత మాత్రలు రాశారు. సూరన్నకి మళ్లీ మొదటినుంచీ మొదలు, సూది మందుతో సహా. ఇదే ఆఖరి అవకాశం అన్నాడు డాక్టరు.

మర్నాడు తెల్లారకముందే పడవ పక్కన ఇసక మీద పైడయ్య పరేడు పెట్టాడు. మాత్రలు ఆయన దగ్గరే ఉన్నాయి. సూరన్న చేతిలో ఒకటి, తాతబాబు చేతిలో ఒకటి పెట్టాడు. తాతబాబు మింగేశాడు. సూరన్న మాత్రం అరచేతిలో మాత్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎదురుగా మిగతావాళ్లు ఖాళీ చేతులతో ఉన్నారు. చావు దగ్గరికొచ్చిందని తెలుసు. భార్య వెనక నిలబడి ఏడుస్తోంది. అయినా చెయ్యి నోటిదాకా లేవలేదు. ఇంత మొండి మనిషిని చూసి నాకు కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

పైడయ్య గబగబా ఇంటివైపు వెళ్లాడు. వస్తూ ఒక కాగితంలో బెల్లం ముక్కలు పట్టుకొచ్చాడు. ఖాళీగా ఉన్న ప్రతి చేతిలోనూ ఒక ముక్క పెట్టాడు. నేను పడవవాణ్ణి కాకపోయినా నాకూ ఒకటి పెట్టాడు.

"ఇప్పుడు అందరికీ వాటా అందింది," అన్నాడు. "ఇంక మింగు."

సూరన్న అందరి చేతులూ ఒకసారి చూసుకున్నాడు. చూసి, మింగాడు.

ఆ రోజు నుంచి మా పైడయ్య బావతో పేచీ పడడానికి నాకు ఇంకో కారణం వెతుక్కోవలసి వచ్చింది. ఈ వైద్యం ఆయన బొంబాయిలో నేర్చుకున్నది కాదు. ఆ పేటలో పుట్టాడు కనుక తెలిసింది.

రోజూ పరేడు జరిగింది. వానలోనూ జరిగింది. అంతా సవ్యంగా సాగుతుండగా పైడయ్యకి బదిలీ వచ్చింది. కొచ్చిన్ వైపు ఏదో ఓడ. మందు ఇంకా ఏడాది పైన వాడాలి. ఏడాది పాటు అన్నని ఎవరు చూస్తారు? ఆయన అక్కని పిలిచి మాత్రల డబ్బా, బెల్లం డబ్బా చేతికిచ్చాడు.

"వదినా, మొగుడని జాలి సూపొద్దు."

"నాకు జాలేటి? సేపల బేరం సేసినదాన్ని," అంది అక్క.

కొచ్చిన్‌ నుంచి మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. జవాబు నేను రాస్తానంటే సూరన్న ఒప్పుకోలేదు. బతికే ఉన్నానని కాగితం మీద రాయించుకోవడం ఏమిటని తిట్టాడు. ఆ ఇంటి మొండితనం ముందు నా మాట చెల్లుబాటు కాదు. తర్వాత ఓడ ఎక్కడెక్కడికో తిరిగింది. ఉత్తరాలూ ఆగిపోయాయి.

డెబ్భై ఎనిమిది మార్చిలో, చెప్పాపెట్టకుండా పైడయ్య దిగాడు. స్టేషన్ నుంచి ఇంటికి కూడా వెళ్లకుండా, భుజాన సంచీతో, నున్నగా పాలిష్ చేసిన బూట్లతో నేరుగా ఒడ్డుకే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"అన్నియ్యేడి?"

"పడవ మీద ఉన్నాడు."

ఆయన మొహం తేటపడలేదు. "రగతం కక్కిననాడూ పడవ మీదే ఉన్నాడు," అన్నాడు.

నిజమే. నేను చెబితే నమ్మే మనిషి కాదు కనుక సముద్రం వైపు చెయ్యి చూపించాను. పడవ కనపడింది. వెనక తెడ్డు దగ్గర ఒక మనిషి. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైడయ్య ముందుకి నడిచాడు, నీళ్లలోకి, బూట్లతోనే. ముక్కు మీద నుంచి చెమట కారుతోంది. నావికుల నోళ్లలోకి తొంగిచూసిన మనిషి అన్న మొహం ఆనవాలు పట్టలేక కళ్లు చికిలిస్తున్నాడు. పడవ అల మీదికి ఎక్కింది. ఒడ్డుకి విసరడానికి తాడు సిద్ధం చేస్తున్నారు. ఆయన సరిగ్గా దానికి అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడు పడవ వెనక నుంచి కేక వచ్చింది.

"ఒరే పైడీ, తాడుకడ్డంగా నిలబడ్డావేట్రా, బుద్ది లేనోడా, పక్కకి తప్పుకో, కాలు తెగ్గోసీగల్దు, నేవీలో ఇదేనేట్రా నేర్పినారు!"

ఆ కేక అలల హోరుని దాటి ఒడ్డున వలలు ఆరేస్తున్న ఆడవాళ్ల దాకా వెళ్లింది. పైడయ్య తప్పుకోలేదు. నేనే రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను. లాగితే తడి ఇసకలో కూలబడ్డాడు. ఇస్త్రీ బట్టలన్నీ పాడయ్యాయి. ఏడుస్తున్నాడు, దాచుకోవడానికి కూడా చూడలేదు.

"ఇన్నావా?" అన్నాడు.

"తిట్టేడు. ఇన్నాను."

"అది కాదురా వరహాలూ. మజ్జిలో ఆగలేదు."