మొదటి గాటు

మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అడిగితే కౌంటర్ వెనక కుర్రాడు గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళ నుంచండీ మీకు?" అన్నాడు. మలబద్ధకానికి తాగే మందు అది. "నాకు కాదు బాబూ, చెక్కకి" అంటే నమ్మినట్టు కనిపించలేదు. ఇంటికొచ్చి పాత నూలుగుడ్డ మీద కాస్త ఒంపుకుని, కూరలు కోసుకునే చెక్క మీద రుద్దాను. ఆ నూనెకు వాసన లేదు. కానీ అది తగలగానే చెక్క లోపలి వాసన పైకొస్తుంది. ఎండిన టేకు వాసన, దాని అడుగున ఎక్కడో ఉల్లిపాయ ఘాటు. పాలిపోయిన గళ్ళు మళ్ళీ రంగు తేరుతాయి. పనస ముక్కలు పసుపుగా, చింతచేవ ముక్కలు నల్లగా కనిపిస్తాయి. ఈ మందుల షాపు జాలి నాకంటే ముందు మొహిద్దీన్ గారు భరించారు. ఆయన సీసాలకు సీసాలు కొనేవారు.

తొంభైల మొదట్లో నాకు స్కూల్లో ఉద్యోగం వచ్చి, బెంజ్ సర్కిల్ వెనక సందులో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు దిగాం. కింద వాటాలో ఇంటివాళ్ళు ఉండేవారు, మొహిద్దీన్ గారు, ఆయన భార్య ఫాతిమా గారు. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో కూడా ఫైలు మీద రాసినట్టే మాట్లాడేవారు. నీళ్ళ మోటారు చెడిపోతే, "మెకానిక్కుకు తెలియపరచడమైనది టీచర్ గారూ" అనేవారు, ఏమాత్రం నవ్వకుండా. అలాంటి మనిషి ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి మెట్ల కింద రంపం పట్టుకుని కూర్చుంటే చూడటానికి వింతగా ఉండేది. వన్ టౌన్ కలప అడితీల్లో పనికిరావని పక్కన పడేసిన ముక్కలు అడిగి సంచిలో తెచ్చుకునేవారు. వాటిని కోసి, చిత్రిక పట్టి, రంగు పక్కన రంగు వచ్చేలా జిగురుతో అతికించి గళ్ళ చెక్కలు చేసేవారు. ఎవరి దగ్గరా నేర్చుకున్న పని కాదు. మొదటిసారి ఒక ముక్క నిలువుగా, ఒక ముక్క అడ్డంగా అతికించారు. రోహిణీ కార్తె ఎండలకు ఆ చెక్క అప్పడంలా లేచి నడిమికి పగిలింది. "ప్రతిపాదన తిరస్కరించబడింది" అని దాన్ని మూలన పెట్టి, ఇంకోటి మొదలుపెట్టారు.

ఈ సరదా వెనక ఒక కారణం ఉంది. ఫాతిమా గారికి మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కింద కూర్చోకపోతే కత్తిపీట ముందు కూర్చోవడం లేదు, కత్తిపీట లేకపోతే ఆమెకు వంటే లేదు. పనిమనిషి కోసిపెడుతుంటే కొన్నాళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డారు. "ఎవరో కోసిచ్చింది నేను తిప్పితే అది నా వంటెలా అవుద్ది అమ్మాయ్?" అనేవారు. ఆమె చేసిన పప్పు దాల్చా వాసన మా మెట్ల దాకా వచ్చేది. క్రమంగా ఆ వాసన రావడం మానేసింది. వంట మొత్తం పనిమనిషికి వదిలేసి, ఆమె వరండాలో కుర్చీ వేసుకుని సందులోకి చూస్తూ ఉండిపోయేవారు. ఆయన రంపం చప్పుడు ఎందుకోసమో ఆ కుర్చీని చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది. బల్ల మీద చెక్క పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, చాకుతో కోసుకుంటే ఆమె మళ్ళీ వంటింట్లోకి వస్తారని ఆయన ఆశ. ఉత్త చెక్క ఇస్తే ముట్టుకోరని, ఆమె కళ్ళకు నచ్చాలని, అన్ని గళ్ళు.

కుదిరిన మొదటి చెక్కను ఆయన ఆమె ఒళ్ళో పెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె వేళ్ళతో గళ్ళన్నీ తడిమారు. ముఖం విప్పారింది. లేచి, నెమ్మదిగా నడిచి, హాల్లో షోకేసు అద్దం జరిపి పింగాణీ కప్పుల వెనక దాన్ని నిలబెట్టారు.

"అది కూరలు కోయడానికి" అన్నారాయన.

"మీకేమైనా మతి పోయిందా అండీ? ఇంత చక్కటి దాని మీద కత్తి పెట్టడానికి చేతులెలా వస్తాయి?"

ఆయన ఇంకా బాగా చేస్తే వాడుతుందేమోనని ఇంకొకటి చేశారు. బాగా చేసినకొద్దీ దాచుకోవడం పెరిగింది. షోకేసు నిండింది. వరండాలో కుర్చీ మాత్రం ఖాళీ కాలేదు. మిగిలిన చెక్కల్లో ఒకటి మాకిచ్చారు. ఆ ఏడు వినాయక చవితికి ఉయ్యూరు నుంచి మా అత్తగారు వచ్చి, నేను స్కూలు నుంచి వచ్చేలోగా దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మట్టి వినాయకుణ్ణి కూర్చోబెట్టేశారు. కుడుములు తీసుకోవడానికి పైకి వచ్చిన మొహిద్దీన్ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"పీట బాగా కుదిరింది బాబూ, దేవుడి కోసమే చేసినట్టుంది" అన్నారు మా అత్తగారు.

"వంకాయలు కోయడానికండీ అది" అన్నారాయన నీరసంగా.

"అయ్యయ్యో! దేవుడు కూర్చున్నాక ఇంకా వంకాయలేంటి?"

ఆ చెక్క ఇప్పటికీ ఉయ్యూరులో దేవుడి గదిలోనే ఉంది. ఆయన కుడుములు తీసుకుని చాలా మర్యాదగా కిందికి దిగారు. కాసేపటికి కింద నుంచి ఫాతిమా గారి కేక వినిపించింది. ఏమైందోనని పరుగెత్తాను. షోకేసు తలుపు తీసి ఉంది. భోజనాల బల్ల మీద ఆ మొదటి చెక్క, దాని మీద ఒక ఉల్లిపాయ, ఆయన చేతిలో చాకు. జీవితంలో ఉల్లిపాయ తరిగిన మనిషి కాదు. రెండు చేతులతో బలంగా అదిమారు. ఉల్లిపాయ సగం ఎగిరి గోడకు తగిలింది. చాకు మాత్రం సూటిగా చెక్కలో దిగబడింది. పైకి తీస్తే గళ్ళ మీదుగా వంకరగా, లోతుగా ఒక గాటు.

ఫాతిమా గారు ఏడ్చేశారు. "పాడు చేసేశారు! నా వస్తువది, నన్నడక్కుండా పాడు చేసేశారు!"

"ఇంక దాచడానికేం లేదుగా" అన్నారాయన. ఆ గొంతులో ఆఫీసు లేదు. "నువ్వు మళ్ళీ వంటింట్లోకొస్తావని చేశాను ఫాతిమా. అద్దంలో పెట్టుకుంటావని కాదు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, బల్ల మీద మిగిలిన ముక్కల వైపు చూశారు. "ఇది ఉల్లిపాయ కోయడమా? గేదెలకేసే దాణా ఇంతకన్నా సన్నగా ఉంటది" అన్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చాకు ఆయన చేతిలోంచి తీసుకున్నారు. కత్తిపీట అలవాటైన చేతులకు చాకు లొంగడానికి కాస్త టైము పట్టింది. ఆ సాయంత్రం మా మెట్ల మీదికి దాల్చా వాసన వచ్చింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

అప్పటి నుంచి ఆయన గాటు పెట్టని చెక్క ఎవరికీ ఇవ్వలేదు. ఎంత బతిమాలినా సరే, వాళ్ళ కళ్ళెదుటే చాకుతో ఒక గీటు గీసి మరీ చేతిలో పెట్టేవారు. తీసుకున్నవాళ్ళు ఉసూరుమనేవారు. వెనక ఈయనకేదో తిక్క అనుకునేవారు కూడా. నేను వస్తువులు దాచుకునే ఇంట్లో పెరిగినదాన్ని. మా అమ్మ పెళ్ళినాటి పట్టుచీర మడతల్లోనే చిరిగిపోయింది. ఆ గీటు గీయడం చూసి చూసి, మా బీరువాలోని మంచి చీరలు స్కూలుకు కట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. వాటి మీద సుద్దపొడి పడింది. ఏమీ కాలేదు.

రెండువేలు దాటాక, ఫాతిమా గారు కొద్దిపాటి జబ్బుతోనే పోయారు. కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం మొహిద్దీన్ గారు మెట్ల కింద ఆమె చెక్కను బల్లకు బిగించి, చిత్రిక చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నారు. పై పొర తీసేస్తే చెక్క మళ్ళీ కొత్తదవుతుంది. ఎవరు తెచ్చినా ఆయన అలా బాగు చేసి ఇచ్చేవారు. ఈ చెక్క నడిమి భాగం ఆమె చాకుకు పల్లెంలా గుంట పడి ఉంది. ఆయన చిత్రిక ఆనించారు, తీశారు, మళ్ళీ ఆనించారు. చివరికి బిగింపు వదులు చేసి, చెక్కను నాకందించారు.

"మీరు తీసుకోండి టీచర్ గారూ."

"ఇది మీ దగ్గరుండాలండీ."

"నా దగ్గరుంటే మళ్ళీ షోకేసులోకే పోతుంది. నాకు తెలుసు" అన్నారు. "చిత్రిక పట్టొద్దు. కోసుకోండి. మీ గాట్లతో ఆవిడవి చెరిగిపోయినా ఫర్లేదు."

ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. మేం వేరే ఇంటికి మారాం. మొదట్లో కత్తి పెట్టాలంటే నాకూ చేతులు రాలేదు. ఇప్పుడు ఏ గాటు ఆమెదో, ఏది నాదో చెప్పలేను. అడ్డంగా వంకరపోయిన ఆ ఒక్కటి తప్ప. నూనె రుద్దుతుంటే అన్నిటికన్నా ఎక్కువ తాగేది అదే. గుడ్డతో రెండోసారి అద్ది, అది ఇంకేదాకా చూశాను. తర్వాత సాయంత్రం కూరకు ఉల్లిపాయ తీసి, సరిగ్గా దాని మీదే పెట్టి కోశాను.