చిన్నత్తగారి సైటు, అత్తగారి కందిపొడి

మా ఆయన ఊళ్ళోవాళ్ళ సర్వర్లన్నీ చిటికెలో బాగుచేస్తారు. ఇంట్లోవాళ్ళ సర్వర్ జోలికి వస్తే మాత్రం ఆయనకు బంధుత్వాలు అడ్డొస్తాయి.

వాషర్‌మెన్‌పేట్‌లోని మా ఇంట్లో కింద మా అత్తగారు, పైన ఆవిడ తోడికోడలు, అంటే మా చిన్నత్తగారు, ఉంటారు. అత్తగారు పొడులు అమ్ముతారు, చిన్నత్తగారు ఊరగాయలు. ఇద్దరికీ చెరో వెబ్‌సైటు చేసి, రెండింటినీ ఒకే సర్వర్‌లో పెట్టారు మా ఆయన. కొత్తావకాయ రోజులు వచ్చాయి. చిన్నత్తగారు కాయలు కొట్టించి, జాడీలు నింపుకుని కూర్చున్నారు. ఒక్క ఆర్డరూ రాలేదు. తిరువొత్తియూరు నుంచి చుట్టాలావిడ ఫోన్ చేసి, "మీ ఆవకాయ ఏడుంది? కందిపొడే కనపడతా ఉందే!" అంటేగానీ సంగతి తెలియలేదు.

"అంతా అక్కే చేయించింది. ఇంక మూసేస్తా ఈ యాపారం," అన్నారు చిన్నత్తగారు మెట్ల మీద నుంచి.

"నేనేం చేసినానే?" అన్నారు అత్తగారు కింద నుంచి. అంతే, మాటలు బంద్. నాకు నిజంగానే బెంగ పట్టుకుంది. పోపు మాడిందని ఒకరూ, ఉప్పు తక్కువైందని ఒకరూ అరుచుకోకపోతే అది మా ఇల్లులాగే లేదు.

మా ఆయన సర్వర్‌లో చిన్నత్తగారి సైటుకు పెట్టిన రూల్సన్నీ తిరగరాశారు, అయినా ఆర్డర్లు రాలేదు. "నా ఫోన్‌లో బాగానే వస్తా ఉందే!" అన్నదే ఆయన పాట. ఆయన సైటు చిరునామాను డబ్ల్యూలు లేకుండా పొట్టిగా కొడతారు. చిన్నత్తగారు జాడీల మీద వేయించింది ముందున్న మూడు డబ్ల్యూలతో సహా, నిండుగా. ఒక జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఉన్నదున్నట్టు కొట్టమన్నాను. కందిపొడి ప్రత్యక్షం.

మూడు డబ్ల్యూలున్న పేరు కూడా చిన్నత్తగారి సైటుదేనని ఆయన సర్వర్‌కు చెప్పనేలేదు. తెలియని పేరుతో ఎవరొచ్చినా సర్వర్ వాళ్ళను మొదటి సైటుకు అప్పజెబుతుంది. అక్కడి రూలు వచ్చినవాళ్ళ చిరునామా మార్చేసి కందిపొడి ముందు కూర్చోబెడుతుంది. మరి ఆ మొదటి స్థానం అత్తగారికే ఎందుకొచ్చింది? శుభలేఖలో పెద్దవాళ్ళ పేరు ముందు వేయిస్తామే, అలాగ సర్వర్‌లోనూ తల్లినే ముందు పెట్టారు పుత్రరత్నం. చదివింది కంప్యూటర్లు, వేసింది పీటలు!

ఆ పేరు చేర్చగానే ఆవకాయ దర్శనమిచ్చింది. చిన్నత్తగారి ఫోన్ మాత్రం పాత దారినే గుర్తుపెట్టుకుని కందిపొడికే పోతుంటే, ఆ గుర్తు చెరిపేయాల్సి వచ్చింది. దానికీ మా ఇంటి మొండితనమే అబ్బింది.

మా ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి సంజాయిషీ ఇచ్చుకున్నారు. "ఇంకమీద తెలీని పేరుతో వచ్చేవాళ్ళకి ఎవురి కొట్టూ చూపించను పిన్నీ. ముందు ఒక ఖాళీ పేజీ పెట్టేస్తా."

చిన్నత్తగారు ఒప్పుకోలేదు. "వద్దురా. తోవ తప్పినోళ్ళు అక్కకాడికే పోనీ. ఇంత అన్నం పెట్టి నాకాడికి పంపిస్తాది."

"అన్నం దాకా ఎందుకే, కాఫీ చాలదా?" అన్నారు అత్తగారు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.