సొన చేతులు

మొన్న తిరుపతిలో మనవడి ఇంటికి వెళ్లి మునిమనవరాలిని ఎత్తుకోబోతే, మనవడి భార్య నవ్వుతూనే, "అవ్వా, చేతులు కడుక్కొని ఎత్తుకో, పాప తోలు శానా సున్నితమంట, డాక్టరమ్మ చెప్పింది" అన్నది. కడుక్కొని వచ్చేసరికి ఆ పిల్ల బిడ్డకు లాల పోయడం మొదలుపెట్టేసింది. తొట్టిలో దించి తీసి, మెత్తటి గుడ్డతో అద్ది, సీసాలోంచి తెల్లటిదేదో వంచుకొని ఒళ్లంతా రాసింది. ఆ సీసా ఖరీదు నేను అడగలేదు, అడిగితే ఆ పూట నాకు అన్నం దిగేది కాదు. అయినా నా కడుపు మండింది సీసాను చూసి కాదు. తన బిడ్డ మీద అంత తీరిగ్గా, అంత దర్జాగా తిరుగుతున్న ఆ తల్లి చేతులను చూసి.

మా వయసు వాళ్లకు ఇది వివరించనక్కరలేదు. పచ్చి బాలింత వంగకూడదు, నీళ్లు తాకకూడదు కాబట్టి ఇంట్లో ఎవరో ఒక పెద్దావిడ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకొని లాల పోసేది. పుట్టింట్లో నా కొడుక్కి మా అమ్మ పోసింది, దానికి నాకేమీ కష్టం తోచలేదు. మూడో నెలలో బిడ్డను తీసుకొని చిత్తూరులో అత్తగారింటికి వస్తే ఇక నా బిడ్డకు నేనే పోసుకుంటానని దారి పొడుగునా బస్సులో అనుకుంటూ వచ్చాను.

మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. మూడో తరగతితో బడి మాని మామిడితోటలో కాయలు ఏరి గంపలకెత్తినదాన్ని. తొడిమ తెగితే చిమ్మే సొన పడి పడి నా వేళ్లు నల్లగా మచ్చలు కట్టి, గరుకుబారి ఉండేవి. మా అత్త ఆ వేళ్లను చూసి, సొన ఒకసారి తోలులోకి దిగితే ఏళ్లు గడిచినా పోదని, ఆ చెయ్యి పడితే బిడ్డ ఒళ్లు పొక్కుతుందని గట్టిగా నమ్మింది. లాల పోసే పని మా పెద్ద తోడికోడలికి ఇచ్చింది. ఆవిడ బజారు వీధిలో కొట్టున్నవాళ్ల ఇంటి పిల్ల, చేతులు వెన్నముద్దల్లా ఉండేవి. పుట్టింటి నుంచి వచ్చిన వాసన పౌడరు డబ్బా తెరిచి, లాల పోసిన ఒంటి తడి ఆరకముందే మెడ కింద, చంకల్లో, తొడల మడతల్లో దిట్టంగా చల్లి, "సూడు, మల్లెపువ్వు మాదిరి ఉండాడు నా చిన్నబ్బ" అని వీధిలోకి ఎత్తుకుపోయేది. నేను తలుపు పక్కన నిలబడి చూసేదాన్ని. నా పాలు తాగి, ఆవిడ పౌడరు వాసనలో నిద్రపోయేవాడు నా కొడుకు.

ఎండలు ముదిరేసరికి వాడి మెడ మడత ఎర్రగా ఒరుసుకుపోయి పొక్కులు లేచాయి. నేలన పెడితే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు. మా అత్త నేరుగా నా మీదికే వచ్చింది. "అంటిని గదమే! పాలిచ్చేటప్పుడు ఆ సొన చెయ్యి యాడ పెట్టినావు?" అన్నది. ఆ రోజు నుంచి చేతికి గుడ్డ చుట్టుకొని పాలివ్వమంది. కన్నబిడ్డను గుడ్డ చుట్టిన చేత్తో పట్టుకోవడం ఎలా ఉంటుందో, ఆ మాట నేనిప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేను. తోడికోడలు మాత్రం, పాపం అన్నట్టు నన్ను చూసి, ఇంకాస్త పౌడరు చల్లింది.

ఒక మధ్యాహ్నం పాలు తాగి నిద్రపోతూ వాడు తల వెనక్కి వాల్చాడు. మడత విచ్చుకుంది. లోపల తడిసిన పిండిలా తెల్లగా పేరుకొని ఉంది. చేతి గుడ్డ విప్పి పారేసి, వేలితో తీసి, "అత్తా, ఇట్లా రా, ఇది సూడు. నా చేతి సొనకు మల్లెపూల వాసన వస్తాదా?" అన్నాను. ఆమె వేలికి అంటించుకొని నలిపి చూసింది, వాసన చూసింది. పెద్ద కోడలిని ఒక్క మాట అనలేదు, నన్ను ఊరుకోమనీ అనలేదు. లేచి వెళ్తూ, "రేపట్నుంచి నువ్వే లాల పొయ్యి" అని మాత్రం అన్నది.

పాతగుడ్డలకు గిన్నెలిచ్చే పాత్రలవాడికి వేయనీయకుండా నేను దాచిన మామగారి పాత పంచె నలుచదరాలుగా చింపాను. ఉత్త నీళ్లు పోసి, ఒక్కొక్క మడతా విప్పి అద్ది, గాలి తగలనిచ్చి, కాస్త కొబ్బరినూనె రాశాను. తోలు మానింది. కానీ మొదటి రోజు నా కాళ్ల మీద వేసుకోగానే వాడు ఊపిరి బిగబట్టి ఏడ్చాడు. వంటింటి గడప దగ్గర నుంచి తోడికోడలు, "ఏందిరా చిన్నబ్బా, మీయమ్మే గదరా" అన్నది. అంతే, ఏడుపు ఆపి అటు తల తిప్పాడు. నెగ్గినదాన్ని నేను. వాడు చూసింది ఆవిడను.

వాడికిప్పుడు తల నెరిసింది. సూళ్లూరుపేట నుంచి చిత్తూరు వచ్చినప్పుడల్లా సంచీ ముందు పెద్దమ్మ ఇంట్లోనే దించుతాడు. ఆవిడ మా వీధి మలుపులోనే ఉంటుంది, ఫోను చేసి, "నీ కొడుకు ఈడ తినేసినాడులే, నువ్వు ఉత్తపున్నానికి వండుకోవద్దు" అని నవ్వుతుంది. నేను ఫోను పెట్టేస్తాను.

ఇప్పటి తల్లులు బిడ్డ మెడ కింద వేలు పెట్టడానికి ఎవరి అనుమతీ అడగరు. గుమ్మం దగ్గర నిలబడి పిలిచే పెద్దమ్మలూ ఆ ఇళ్లలో లేరు. బిడ్డ ఏడిస్తే తిరిగి చూడటానికి ఒక్క ముఖమే ఉంటుంది. అంత మందిలో పెరిగినదాన్ని, అది చూసి నేను జాలిపడాలి. పడలేకపోతున్నాను. నా కొడుక్కి కూడా, ఒక్క ఏడాదైనా, ఆ ఒక్క ముఖం నాదై ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.