వైజాగ్ నుంచి చెన్నైకి పాత ఓడలో: ఒక అనుమానపు మనిషి ప్రయాణం

మా ఆవిడ ఆదిలక్ష్మి పెట్టిన షరతు వల్ల మొదలైన ప్రయాణం ఇది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు దగ్గరగా, మాది చేపలు పట్టేవాళ్ల పల్లె. చాలా ఏళ్లు వేటకు పోయి, ఆ తరువాత పడవ అమ్మేసి, ఇంజన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాను. అంగడిలో నాకు ఊపిరాడదు. ఈ మధ్య మా చిన్నాన్న కొడుకు కొత్త పడవ కొంటూ సగం వాటాకు రమ్మన్నాడు. మళ్లీ వేటకు పోతానని ఇంట్లో చెప్పాను. ఆమె ఔననలేదు, కాదనలేదు. “ముందు నన్ను ఒక్కసారి సముద్రం మీదికి తీసకపో. చూసొచ్చి చెప్తా,” అనింది. మా పల్లెలో ఆడవాళ్లు వలలు బాగుచేస్తారు, చేపలు ఏరుతారు, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్ముతారు. పడవలో మాత్రం కాలు పెట్టరు. ఆ కట్టుబాటు ఓడలకు లేదు కాబట్టి ఓడ టిక్కెట్లు వెతికాను. ఆమె నోట ఔనని వినాలని నాకు ఎంత ఆశగా ఉండిందో చెప్పలేను.

దొరికింది ఒక పాత ఓడ. వైజాగ్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాడు సాయంత్రానికి చెన్నై. కిటికీ ఉన్న గది, భోజనాలు, అన్నీ కలిపి ఇద్దరికీ ఇరవై ఎనిమిది వేలు. కొత్త ఓడల్లో అయితే దానికి రెట్టింపు. ఊరకే ఎవరూ బెల్లం పెట్టరని అప్పుడే నా మనసులో పురుగు తొలిచింది. ఏజెంటుకు ఫోన్ చేసి ఓడ వయసెంత అని అడిగితే, “మొన్ననే రంగులు వేయించామండీ,” అన్నాడు. నేను అడిగింది రంగు గురించి కాదు.

నెల్లూరులో రాత్రి రైలెక్కి పొద్దున వైజాగ్‌లో దిగాం. స్టేషన్ నుంచి రేవుకు ఆటోలో అరగంట కూడా పట్టదు. ఓడ పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు. “ఆ ముసిల్దానికా బాబూ?” అన్నాడు. ఏం, బాగుండదా అని అడిగాను. “ముసిల్దే గానీ, ఎల్లిన పెతిసారీ తిరిగొస్తోంది మరి,” అన్నాడు. ఈ మాట ధైర్యానికి చెప్పాడో భయానికి చెప్పాడో తేల్చుకోలేకపోయాను. సామాను తనిఖీకి, ఆధార్ కార్డులు చూడడానికి రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నం రెండింటికల్లా అక్కడ ఉంటే మంచిది.

ఓడ చూస్తే పైన పటారం, లోన లొటారం. తెల్ల రంగు మెరిసిపోతోంది, గోరుతో గీకితే కింద తుప్పు. రెండు లిఫ్టుల్లో ఒకటి పనిచేయదు. నడవలో పైకప్పు నుంచి నీటిచుక్క పడేచోట ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. గదిలో ఫినాయిలు వాసన, దాని కింద డీజిల్ వాసన. ఓడ గంటసేపు ఆలస్యంగా కదిలితే, ఇంజన్ స్టార్ట్ కాలేదేమోనని ముగ్గురిని అడిగాను. ప్రమాదం వస్తే ఏం చేయాలో అందరినీ డెక్కు మీద నిలబెట్టి చెప్పారు. మిగతావాళ్లు ఫోటోలు దిగుతుంటే నేను ప్రాణరక్షణ పడవలను కట్టిన ఇనుప తాళ్లకు గ్రీజు ఉందా లేదా అని తడిమి చూశాను. ఉంది. అయినా నమ్మకం కుదరలేదు.

రాత్రి భోజనంలో చేపల పులుసు పెట్టారు. వంజరం అన్నాడు వడ్డించేవాడు. ఎప్పటిది అని అడిగాను. “తాజాదే సార్,” అన్నాడు. ఆదిలక్ష్మి ముక్క విరిచి చూసి, “చచ్చి నెలైంది. పులుసు బాగుండాది, గమ్మున తిను,” అనింది. ఆమె మాత్రం నిశ్చింతగా తిని, పోయి పడుకుంది. నాకు కన్ను మూతపడలేదు. గోడలో ఎక్కడో టకటకమని మోత. ఏదో రేకు ఊడుతోందనుకొని చెవి ఆనించి గది అంతా వెతికాను. చివరికి అది బీరువాలో ఊగుతున్న బట్టల హ్యాంగరు. తీసి మంచం కింద పడేసినా నిద్ర రాలేదు. ఇంజన్ మోత కాస్త మారినా లేచి కూర్చున్నాను.

మర్నాడు టిఫిన్ అయ్యాక, కుడివైపున నెల్లూరు తీరం అని మైకులో చెప్పారు. ఒడ్డు కనపడదు, నీళ్లే. అంతలో ఇంజన్ మోత ఒక్కసారిగా తగ్గింది, హారన్ మోగింది. అయిపోయిందనుకున్నాను. గదిలో ఉన్న లైఫ్ జాకెట్ ఒకటి తొడుక్కొని, ఇంకొకటి చేత పట్టుకొని, ఆదిలక్ష్మిని లాక్కొని డెక్కు మీదికి పరుగెత్తాను. అక్కడ అందరూ తీరిగ్గా టీ తాగుతున్నారు. “వేట పడవలు అడ్డమొచ్చాయి సార్, దారిస్తున్నాం,” అన్నాడు ఓడ మనిషి, నా జాకెట్ వైపు చూస్తూ.

కింద నాలుగు పడవలు. ఆదిలక్ష్మి కమ్మీ పట్టుకొని వంగి చూసింది.

“అవేంది?” అనింది.

“ఫైబర్ పడవలు. మనదీ అంతే ఉండేది.”

“మనది పెద్దది గదా. ఇసకలో ఎనిమిది మంది తోస్తే గానీ కదిలేది కాదు.”

“అదే పడవ. ఒడ్డున చూస్తే పెద్దది,” అన్నాను.

అప్పుడే ఒక అల లేచింది. ఒక పడవ దాని వెనక పూర్తిగా మాయమై, కర్రకు కట్టిన జెండా గుడ్డ మాత్రం కనిపించింది. నాకది మామూలే, రోజుకు వందసార్లు జరిగేదే. ఆమె మాత్రం పడవ మళ్లీ పైకి లేచే దాకా ఊపిరి తీసుకోలేదు. మళ్లీ మునిగింది, మళ్లీ లేచింది. పడవలో మనిషి మాకు చెయ్యి ఊపాడు.

“రాత్రంతా ఈ ఓడ మీద అనుమానపడినావే,” అనింది ఆమె. “ఆ పడవ మీద ఒక్కరోజన్నా పడినావా?”

అది వేరే సంగతి అనబోయాను.

“గమ్మునుండయ్యా. అన్నేళ్లు తెలీక పంపించినా. ఇంక తెలిసి పంపించలేను.”

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఓడ మీద జాకెట్ తొడుక్కున్న నేను, ఎన్నో ఏళ్లు అలాంటి పడవలో పోయింది ఒంటిమీద ఉత్త చొక్కాతో. చెన్నైలో దిగగానే చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేసి, నా వాటాకు ఇంకొకరిని చూసుకోమన్నాను. “ఏం అన్నా, వదినకి ఓడ నచ్చలేదా?” అన్నాడు. ఓడ బాగానే నచ్చిందని చెప్పి పెట్టేశాను.

పాత ఓడ అంటే భయపడనక్కరలేదు. లిఫ్టు పనిచేయదు, చేప తాజాగా ఉండదు, కప్పు కారుతుంది, అయినా చెప్పిన ఊరికి చేరుస్తుంది. ఒక్క సలహా మాత్రం ఇస్తాను. చెన్నై వైపు పోతుంటే తీరం కుడిచేతి పక్కన ఉంటుంది, వేట పడవలు ఎక్కువగా కనిపించేది ఆ వైపే, కాబట్టి బుక్ చేసేటప్పుడే కుడివైపు గది అడగండి. మీ ఇంట్లో వేటకు పోయే మనిషి ఉండి, రేపు కూడా పోవాల్సి ఉంటే మాత్రం, ఎడమవైపు గది తీసుకోండి.