కుట్టుకి వదిలిన అంగుళం

మెడలో టేపు లేకుండా టైలరమ్మను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పలకరించేలోపే భుజం వెడల్పెంతో కంటితోనే తేల్చేస్తుంది. తేల్చాక ఇక ఎవరు చెప్పినా వినదు. కొలతల్లోనే కాదు, ఏ విషయంలోనైనా అంతే. ఏడో తరగతి సగంలో, లెక్కలు కొరుకుడు పడక బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. అలాంటిది ఇప్పుడు పదేళ్ళ కూతురికి ఇంట్లోనే చదువు చెబుతోంది, లెక్కలతో సహా. ధైర్యమంటే అదీ!

ఇదంతా ఉబ్బసం పుణ్యం. ఆరేళ్ళ వయసులో పిల్ల ఏడాదిపాటు సరిగా మంచం దిగలేదు. ఆ ఏడాది తల్లి కత్తిరింపు బల్ల మీదే అక్షరాలు దిద్దించింది, టేపు చూపించి అంకెలు నేర్పింది. ఉబ్బసం తగ్గిపోయింది గానీ చదువు మాత్రం బల్ల దిగలేదు. టైలరమ్మకి అందులో రుచి తగిలింది. జన్మలో మొదటిసారి లెక్కలు తన మాట వింటున్నట్టు అనిపించింది మరి.

ఈ ఏర్పాటు ఆడపడుచుకి కంట్లో నలుసు. ఆవిడ టైలరమ్మ భర్తకి అక్క, నాలుగు వీధుల అవతల ఉన్న బడికి హెడ్మిస్ట్రెస్. వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పకముందే పిల్లని ఒక ఎక్కం అడుగుతుంది. పిల్ల గడగడా చెప్పేస్తే మెచ్చుకోదు, ఇంకా పెద్ద ఎక్కం అడుగుతుంది. భర్త లిఫ్టు మెకానిక్. అక్కకీ భార్యకీ మాటామాటా పెరిగితే రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా కదలడు, మెదలడు. ఈసారి మాత్రం ఎందుకో నోరు విప్పాడు.

"ఐదో పుస్తకం పరీక్ష పాసైతే పిల్ల ఇంట్లోనే చదువుకుంటుంది. లేకపోతే అక్క బడికి వెళ్తుంది. ఇద్దరూ దీనికి కట్టుబడి, నన్ను మాత్రం వదిలేయండి."

ఇద్దరూ ఒప్పుకున్నారు. గెలుపు తనదేనని ఎవరి నమ్మకం వారిది.

ఐదో పుస్తకమంటే, ఇంట్లో చదివే పిల్లల కోసం వేసే లెక్కల పుస్తకాల వరసలో, నాలుగు అయిపోయాక పిల్ల మొదలుపెట్టాల్సినది. దాంతోపాటు రెండు పరీక్ష కాగితాలు, ఒక జవాబుల కాగితం పార్సిల్లో వస్తాయి. ఇరవై ఐదు ప్రశ్నలు, ముప్పావుగంట సమయం, పిల్ల పక్కన ఎవరూ ఉండకూడదు. ఇరవై ఒప్పయితే ఆ పుస్తకానికి పిల్ల సిద్ధంగా ఉన్నట్టు. ఒక్కటి తగ్గినా సిద్ధంగా లేనట్టే.

ఆదివారం పొద్దున పిల్ల గదిలో కూర్చుని రాసింది. టైలరమ్మ తలుపు బయట నిలబడి, గోళ్ళు కొరుక్కుంటూ, తనకేమీ కంగారు లేదని అడగనివాళ్ళకి కూడా చెప్పింది. తర్వాత ఎర్ర పెన్సిలు తీసి, జవాబుల కాగితం పక్కన పెట్టుకుని దిద్దింది. పద్నాలుగు వచ్చాయి. మళ్ళీ దిద్దింది. అవే పద్నాలుగు.

ఆరు ప్రశ్నల దగ్గర మాత్రం ఆమె పెన్సిలు ఆగింది. పుస్తకం రాసినాయనకి బట్టలంటే ఏం మోజో, కొలతల లెక్కలు ఆరూ బట్టల మీదే ఇచ్చాడు. ఇరవైనాలుగు అంగుళాల దిండుకి గలీబు కుట్టాలంటే ఎంత పొడవు బట్ట కావాలి? పిల్ల ఇరవై ఐదని రాసింది. పన్నెండు అంగుళాల ముక్కలు రెండు కలిపి కుడితే ఎంత? ఇరవై మూడని రాసింది. జవాబుల కాగితం రెండుచోట్లా ఇరవైనాలుగే అంటోంది.

టైలరమ్మకి అనుమానమే రాలేదు. అచ్చుతప్పు! వెంటనే పుస్తకాలవాళ్ళకి ఫోన్ చేసింది.

"మీ జవాబుల కాగితంలో ఆరు తప్పులున్నాయండీ."

"ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదే మేడమ్," అంది అవతలి గొంతు.

"ఎవరూ కుట్టి చూడలేదు కాబట్టి చెప్పలేదు," అని ఫోన్ పెట్టేసింది. ఆ వేడి మీదే ఎర్ర పెన్సిలుతో జవాబుల కాగితాన్నే దిద్దేసింది. పద్నాలుగూ ఆరూ ఇరవై. పిల్ల సిద్ధం!

సాయంత్రం వచ్చిన ఆడపడుచు కాగితం ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఆవిడ మొహంలో అంత ఆనందం ఎప్పుడూ ఎవరూ చూడలేదు.

"జవాబులే మార్చి పాస్ చేయించావా అమ్మాయ్? మా బడిలో పిల్లలు కూడా ఇంత తెగించరు."

"తప్పుంటే మార్చొద్దా వదినా? ఇరవైనాలుగంగుళాల బట్టతో ఇరవైనాలుగంగుళాల దిండుకి గలీబు కుట్టి చూపించండి. మిషను అక్కడే ఉంది."

భర్త బాల్కనీలోకి వెళ్ళి, పాడవని పంపు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆడపడుచు పిల్లని పిలిచింది.

"ఈ అంగుళం ఎక్కడిదే?"

"కుట్టుకి వదలాలి కదత్తా. అటు అర, ఇటు అర."

"రెండు రోడ్లున్నాయి. ఒక్కోటి పన్నెండు మైళ్ళు. కలిపితే?"

"ఇరవైనాలుగు."

"మరి ఇక్కడ అంగుళం తీసెయ్యవా?"

"రోడ్లని ఎవరు కుడతారత్తా?"

"సరే. దిండు లెక్క ఊరికే పుస్తకంలో లెక్కయితే?"

"అప్పుడు ఇరవైనాలుగే. కానీ దిండు పట్టదు."

ఆడపడుచు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మనిషి గయ్యాళే గానీ లెక్క దగ్గర అబద్ధమాడదు. "పిల్ల సిద్ధంగానే ఉంది," అంది, పన్ను పీకించుకుంటున్నట్టు.

టైలరమ్మ కాళ్ళు నేల మీద లేవు. అక్కడికక్కడే ఐదో పుస్తకం తెరిచి బల్ల మీద పరిచింది. మొదటి పేజీ చూడగానే విరుచుకుపడింది.

"చూశారా వదినా! ఇక్కడా తప్పే. అంకెల మధ్యలో ఈ అక్షరమేంటి? వీళ్ళ ప్రెస్సులో కళ్ళున్నవాళ్ళే లేరా?"

పిల్ల అందుకుంది.

"అది తప్పు కాదమ్మా. ఎంతో తెలియని సంఖ్యకి అలా పేరు పెడతారు. మనం కనిపెట్టాలి. ఇక్కడ ఏడు."

"నీకెవరు చెప్పారే?"

"పార్సిల్ వచ్చినరోజే చదువుకున్నా."

టైలరమ్మ ఆ అక్షరం వైపు చూస్తూ ఉండిపోయింది. బడిలో ఈ పాఠం మొదలయ్యేసరికి తను మిషను ముందుంది. సిగ్గేసింది. అంతకంటే భయమేసింది. పిల్ల అప్పుడే ముందుకెళ్ళిపోయింది, తనే ఇక్కడ ఆగిపోయింది.

"ఏమంటావ్, బడికి పంపిస్తావా?" అంది ఆడపడుచు.

"పంపను. మీరే ఆదివారాలు వచ్చి చెప్పండి వదినా."

"దానికా?"

"నాకు. నేను నేర్చుకుని దానికి చెప్తాను."

హెడ్మిస్ట్రెస్‌కి ఇలాంటి తలబిరుసు విద్యార్థి ఇంతవరకు దొరకలేదు. పార్సిల్లో మిగిలిన రెండో పరీక్ష కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ముందు నువ్వెక్కడున్నావో తేలాలి," అని పిల్లని తీసుకుని బయటికి వెళ్ళి తలుపు మూసింది.

ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ పట్టుబట్టల్లో తొణక్కుండా కత్తెర నడిపిన చెయ్యి, రెండో ప్రశ్న దగ్గరే రాసింది చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపింది. ముప్పావుగంట తర్వాత ఆడపడుచు దిద్దింది. తొమ్మిది.

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, దెబ్బలాడి పంపించేయడానికి వీలుండేది.

"దాని లెక్కలు ఎలా దిద్దేదానివి?" అని అడిగింది.

"జవాబుల కాగితం చూసి."

"మరి నాలుగు పుస్తకాలూ దానికెవరు చెప్పారమ్మాయ్?"

"అదే చదువుకుంది వదినా. నేను పక్కన కూర్చున్నా, అంతే."

ఆడపడుచు స్టూలు లాక్కుని టైలరమ్మ పక్కన కూర్చుంది.

"నువ్వు మూడో పుస్తకం దగ్గరున్నావ్. అది తియ్యి," అంది.