రెండు వందల పన్నెండు తప్పుల మామయ్య

మా మామయ్య ‘శుక్రుడి మీద శనివారం’ అనే సినిమాని అరవై మూడు సార్లు చూశాడు. అందులో కథేమిటో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

కోతలు కోస్తున్నాననుకోకండి. “చివర్లో హీరో బతుకుతాడా మామయ్యా?” అని ఓసారి నేనే అడిగాను.

“బతుకుతాడేమోరా, నేను చూళ్ళేదు. అప్పుడు వెనకాల కుర్చీకి మూడు కాళ్ళే ఉంటాయి. అది పడుతుందా పడదా అని నా ప్రాణం దానిమీదే ఉంటుంది” అన్నాడు.

మామయ్యది గడియారాలు బాగుచేసే కొట్టు. రెండు బారల పొడుగు, ఒక బార వెడల్పు. ఎడమ కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే, దుమ్ముకణం కూడా ఆయన్ని అడిగి ఎగరాల్సిందే. ఆ అద్దం తీయడం మరిచిపోయి భోజనానికొస్తాడు, పెళ్ళిళ్ళకొస్తాడు. నిద్రలో కూడా తీయడని అత్తయ్య అంటుంది గానీ, అది నేను చూడలేదు.

ఆ సినిమా వచ్చినప్పుడు ఆయనకి ఇరవయ్యేళ్ళు. రోదసి నౌక ఢామ్మని పేలితే హాలంతా చెవులు మూసుకుంది. ఈయనొక్కడూ లేచి నిలబడి, “గాలే లేనిచోట చప్పుడెక్కణ్ణించి వచ్చిందయ్యా?” అని తెరని నిలదీశాడు. తెర జవాబు చెప్పలేదు. వెనక వరసవాళ్ళు చెప్పారు. ఆ జవాబు ఇక్కడ రాయలేను. హాల్లోంచి బయటికి రాగానే ఒక నోటుపుస్తకం కొని, కుడి పేజీలో ‘ఒకటి’ అని నంబరు వేశాడు. నేను చెప్పబోయే రోజుకి అది రెండు వందల పన్నెండుకి చేరింది.

ఏడో తప్పు: బరువే లేని నౌకలో హీరో కప్పులోకి టీ బుద్ధిగా కిందికే పడుతుంది. నలభై ఒకటో తప్పు: చంద్రుడి మీద ఆరేసిన తువ్వాలు రెపరెపలాడుతుంది. తొంభయ్యో తప్పు: హీరోయిన్ ఒంటిజడతో నౌక ఎక్కి రెండు జడలతో దిగుతుంది.

“రెండ్రోజుల ప్రయాణం కదండీ, తీరిగ్గా అల్లుకుని ఉంటుంది” అనేది అత్తయ్య.

“దిగేటప్పుడు తలుపు దగ్గర కూడా ఒంటిజడేనే, మెట్ల మీదికొచ్చేసరికి రెండు! నాలుగు సెకన్లు!”

“అంత చూపున్న మనిషి కదా, కళ్ళు మూసుకుని నా చెవులకి ఏమున్నాయో చెప్పండి చూద్దాం.”

మామయ్య కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించేవాడు. “చెవులకి... రంధ్రాలు” అనేవాడు.

ఆ చూపు మా మీద కూడా పడుతూండేది. నా పెళ్ళి వీడియో చూస్తూ నలుగురిలో, “ఒరేయ్, ఈ సీన్లో నీ పాపిడి ఎడమకుంది, మరుక్షణం కుడికొచ్చింది. మధ్యలో నిన్నెవరు దువ్వారు?” అన్నాడు. మధ్యలో నాకు ఏడుపొస్తే స్నేహితుడు ముఖం కడిగించి దువ్వాడని మా ఆవిడ ముందు ఎలా చెప్పను? తలనొప్పన్నాను. “తలనొప్పికి పాపిడి మారదే!” అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూంటుంది.

నవ్వుకుంటాం గానీ, ఆయన పక్కన కూర్చుని ఆ సినిమా చూస్తే నోరు తెరుచుకుని ఉండిపోవాల్సిందే. బల్ల మీద కొవ్వొత్తి పొడవు చూసి, ఏ సీను ముందు తీశారో ఏది తర్వాత తీశారో వరసపెట్టి చెప్పేవాడు. నీడని బట్టి, ఫలానా మాట మధ్యాహ్నం భోజనాలయ్యాక పలికిందని చెప్పేవాడు. నాకు ఆకాశంలో నక్షత్రాలు కనిపించే చోట ఆయనకి అట్టముక్కలూ, మేకులూ, వాటిని కొట్టిన మనుషులూ కనిపించేవారు.

మా ఊరి సినిమా సంఘానికి నేను కార్యదర్శిని. నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఓ శనివారం మ్యాట్నీకి ఆ సినిమా వేసి, తర్వాత మామయ్య చేత తప్పులన్నీ చదివిస్తే జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు కదా! పోస్టర్లు వేయించాను. హాలు నిండింది. మా హాల్లో ఏసీ ఒకసారి వేస్తే ఆపడం ఎవరికీ చేతకాదు; అంచేత అందరూ స్వెట్టర్లు తొడుక్కుని మరీ వచ్చారు.

గేటు దగ్గర ఒక పెద్దావిడ, చేతిసంచీతో, “ముందు వరసలో చోటుందా బాబూ?” అని అడిగింది.

“ఉందమ్మా. ఈ సినిమా ఇదివరకు చూశారా?”

“చూళ్ళేదు. దీనికి పనిచేశాను. కంటిన్యుటీ నాదే. ఒక షాట్లో ఉన్నది తర్వాతి షాట్లోనూ అలాగే ఉందా లేదా అని రాసుకునే పని.” సంచీ ఇటునుంచి అటు మార్చుకుంది. “హీరో చెంప మీద గాటు ఒక్కచోట ఎడమనించి కుడికి మారిపోయిందని పత్రికలన్నీ నవ్వాయి చూడు, ఆ తప్పు నాదేనన్నారు. మళ్ళీ ఎవరూ పనికి పిలవలేదు. ఎడమకే ఉందని నా పుస్తకంలో రాసుకున్న గుర్తు. నేనే పొరబడ్డానేమో, ఏమో. చూసేందుకు ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు.”

నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ గాటు గురించే పోస్టరు మీద ఇంత పెద్ద అక్షరాలతో వేయించాను!

తెర పక్కకి పరిగెత్తి మామయ్య చేతులు పట్టుకుని సంగతంతా చెప్పాను. “నీకు పుణ్యముంటుంది, ఆ గాటు మాటెత్తకు మామయ్యా!”

“దాంతోనే మొదలుపెడతాను” అన్నాడు.

“మామయ్యా!”

“ఏ వరసలో కూర్చుంది?”

“ముందు వరస.”

“అయితే బాగా కనపడుతుంది.”

సినిమా అయింది. మామయ్య అద్దం ఎడమ కంటికి బిగించుకుని స్టేజీ ఎక్కాడు. జనం అప్పటికే నవ్వడం మొదలుపెట్టారు. పెద్దావిడ తలవంచుకుని సంచీ తాళ్ళు మెలిపెడుతోంది. నేను స్తంభం చాటుకి వెళ్ళాను.

“ముప్పై ఏడో తప్పు. గాటు” అన్నాడు మామయ్య. హాలు గొల్లుమంది. “ఆ ముక్క మళ్ళీ వెయ్యండి. ఈసారి ఎవరూ హీరోని చూడొద్దు. వెనక గోడ మీద గడియారాన్ని చూడండి.”

వేశారు. అంకెల్లేని గుండ్రటి గడియారం, గీతలు మాత్రమే ఉన్నాయి. అంతా కలిపి నాలుగు సెకన్లు.

“ఏం చూశారు?”

ఎవరికీ ఏమీ కనపడలేదు.

“మళ్ళీ. సెకన్ల ముల్లుని చూడండి.”

మూడోసారికి వెనక వరసలోంచి ఎవరో, “అరె, ముల్లు వెనక్కి తిరుగుతోంది!” అన్నారు.

హాలంతా ముందుకి వంగింది. అవును, ఒకటి, రెండు, మూడు, నాలుగు, గీత గీతకీ వెనక్కి!

“మనిషి ముందుకే నడుస్తున్నాడు. ముల్లు ఒక్కటే వెనక్కి. అంటే ఏమిటి? అద్దంలో చూసినట్టు మొత్తం బొమ్మే అటుదిటైంది. హీరోయిన్ వైపు చూస్తున్నట్టు కనిపించాలని కత్తిరింపు బల్ల మీద ఎవరో ఫిల్ముని తిరగేసి అతికించారు. తీసినప్పుడు గాటు ఎడమ చెంప మీదే ఉంది. పుస్తకంలో రాసినావిడ సరిగ్గానే రాసింది. ఈ మాట చెప్పాలని సినిమా కంపెనీకి పదకొండు ఉత్తరాలు రాశానండీ. కంపెనీయే మూసేశారట. ఆవిడ చిరునామా దొరక్క ఇన్నాళ్ళు పట్టింది.”

ఆ తర్వాత చప్పట్లు చూడాలి! నౌక పేలినప్పుడు కూడా అంత చప్పుడు కాలేదు.

ఆయన దిగొస్తే పెద్దావిడ నోటుపుస్తకం అడిగి తీసుకుంది. కుడి పేజీల్లో తప్పులు మాకందరికీ తెలుసు. ఆవిడ ఎడమ పేజీలు తిప్పింది. అక్కడ చిన్న చిన్న అక్షరాలున్న సంగతి నాకు ఆరోజు దాకా తెలీదు. కుర్చీ కాలు: ‘వడ్రంగికి ఆ పూట తీరిక దొరికి ఉండదు.’ టీ: ‘ఆ రోజు ఉక్కపోత, ఎవరి బుర్రా పనిచేసి ఉండదు.’ రెండు జడలు: ‘పాపం ఆ పిల్లకి జ్వరం. మిగతాది కోలుకున్నాక తీసి ఉంటారు.’ రెండు వందల పన్నెండు తప్పులకీ రెండు వందల పన్నెండు సంజాయిషీలు!

“జ్వరం కాదు, పంటినొప్పి. నాలుగురోజులు రాలేదు” అంది ఆవిడ.

మామయ్య మహా వినయంగా జ్వరం కొట్టేసి పంటినొప్పి రాసుకున్నాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. “మీరు స్టేజీ ఎక్కినప్పుడు ఈ అద్దం ఎడమ కంటికుంది. ఇప్పుడు కుడి కంటికుందేం?”

మామయ్య తడబడ్డాడు. ఆయన తడబడగా చూడడం నాకదే మొదలు. “ఎడమ కంట్లో... కొంచెం తడి చేరి మసక పట్టిందండీ. మార్చుకున్నాను.”

“రాసుకోండి మరి” అంది ఆవిడ.

మామయ్య కుడి పేజీలో బుద్ధిగా ‘రెండు వందల పదమూడు’ వేశాడు. ఎడమ పేజీలో రాసేటప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. స్వెట్టరు మీద శాలువా కప్పుకుని వణుకుతూనే నేను మెడ చాచి చూశాను.

‘ఉక్కపోత’ అని రాశాడు.