ఒక్క ఇస్పేటు

టీచరమ్మ పోయారన్న కబురు మా వైండింగ్ షాపు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు వచ్చింది. చేతిలో సగం చుట్టిన ఫ్యాన్ మోటారుంది. అది పూర్తి చేసే లేచాను. పని మధ్యలో వదిలితే ఆమెకు నచ్చదు.

ఆమె కార్ఖానా బస్తీలో స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి కాగానే అదే తెల్లచీరలో క్లబ్బుకొచ్చి బ్రిడ్జి ఆడేవారు. "పేకాడితే పాస్టరుగారు ఏమనరా?" అని ఒకాయన ఎగతాళి చేస్తే, "ఆయన్నీ రమ్మన్నాను. లెక్కలు రావట" అన్నారు.

నేను బ్రిడ్జి నేర్చుకున్నది ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని పుస్తకం చూసి. ఆమె ఇంట్లో ఫ్యాన్ బిగిస్తూ ఆ మాట చెప్తే, "అయితే ఆదివారం నా ఎదుట కూర్చో" అన్నారు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లే జోడీ. చేతిలో ఏముందో నోటితో చెప్పకూడదు. ఏ రంగులో ఎన్ని పట్లు పడతామో వేలంలా పాట పాడతాం కదా, అందులోనే చెప్పుకోవాలి.

క్లబ్బులో అందరిదీ ఒకటే పద్ధతి. చాలా బలమైన చేయి వస్తే "రెండు కళావర్లు" అనాలి. కళావర్లు ఉన్నాయని కాదు, బలం ఉందని జోడీకి కేక. టీచరమ్మ ఒప్పుకునేవారు కాదు. "ఒక్క రంగే ఉంటే కేకెయ్యి బాబూ. రెండు పొడుగు రంగులుంటే, అంటే రెంటిలోనూ ముక్కలెక్కువుంటే, కింద ఒకటి నుంచి ఎక్కు. రెండూ చెప్పుకోవడానికి చోటుండాలి కదా."

చేతిలో ముక్కలు కూడా ఆమె రంగుల వారీగా సర్దుకునేవారు కాదు. ఎక్కణ్ణుంచి తీశామో చూసి పక్కవాళ్లు లెక్కేస్తారని.

ఒకసారి ఆమె "ఒక్క ఇస్పేటు" అన్నారు. నా చేతిలో బొమ్మ ముక్క ఒక్కటీ లేదు. పాస్ అన్నాను. అందరూ పాస్. పాట ఒకటి దగ్గరే ఆగింది. చూస్తే ఆమెకు ఆరు ఇస్పేట్లు, ఐదు ఆఠీన్లు, అన్నీ పెద్దవి. నా దగ్గర నాలుగు ఆఠీన్లు. పెద్ద పాట పాడితేనే పెద్ద లెక్క, ఆ గెలుపు చేజారింది. హాలంతా నవ్వింది.

"నీ దగ్గర ఏమీ లేదు, లేదనే చెప్పావు. ఆ నమ్మకం మీదే కదా నేనాడేది" అని ఆమె ముక్కలు కలిపారు.

"మళ్లీ అట్లాంటి చేయి వస్తే?"

"మళ్లీ ఒక్క ఇస్పేటే."

అదే పద్ధతిలో తర్వాత గెలిచిన ఆటలు ఎవరికీ యాదికి లేవు. సంతాప సభలో క్లబ్బు సెక్రటరీ ఆ ఒక్క ఇస్పేటు కథే చెప్పాడు. "పాపం, అంత చేయి పట్టుకుని..." అని ఆమె ఫోటో ముందే నవ్వించాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడ నాకు మైకు ఇవ్వలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆమెది తెలియనితనం కాదు. తెలిసి, ఓడి, మళ్లీ అదే పాడిన మనిషి.

బయట మెట్ల మీద సెక్రటరీ నన్ను ఆపాడు. "చూడు తమ్ముడూ, నువ్వు ఆమె గెస్టువి. ఇప్పుడు ఆమె లేరు. ఆడాలనుంటే నాకు జోడీగా రా. కానీ సిస్టమ్ నాది. ఆ పిచ్చి పద్ధతి మరిచిపో."

ఆ కుర్చీ పోతే నాకిక ఆట లేదు. మా గల్లీలో బ్రిడ్జి ఆడేవాళ్లు ఎవరున్నారు?

ఆదివారం పోయి నా కుర్చీలో కూర్చున్నాను. ఎదుట, ఆమె కుర్చీలో, సెక్రటరీ.

"ఏమాలోచించావు?"

"రెండు రంగులొస్తే ఒకటి దగ్గరే షురూ చేస్తా సార్. నచ్చకపోతే ఇప్పుడే లేవమనండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. పక్కనున్న ఇద్దరూ ఆట కోసం చూస్తున్నారు. నాలుగో మనిషి ఇంకెవరూ లేరు.

"ఆమెకు తగ్గ మొండోడివే. పంచు."

పంచి, నా ముక్కలు ఎత్తుకున్నాను.

"సర్దుకోవా?"

సర్దుకోలేదు. ఎరుపూ నలుపూ కలగలిసి, ఆమె పట్టుకున్నట్టే, నా చేతిలో విసనకర్రలా విప్పుకున్నాయి.